తుప్పుపట్టిన కారునకు అతుకు వేయుట

కృష్ణగిరినుండి మన మత్తూరు మీదుగా ఊత్తంగరై, తిరువణ్ణామలైల వైపు సాగిపోవు బాటవంటి పెద్ద బాటల ప్రక్కన, రేకుల షెడ్లలో నీలపు వెలుగు మెఱసి మాయమగుచుండుట విద్యార్థులు పలుమారు చూచియే యుందురు. ఆ వెలుగును చూడవలదని పెద్దలు మందలించుటయు నెఱుగుదురు. ఆ మందలింపు మూఢవిశ్వాసము కాదు. వెల్డింగు మంటలోని అతినీలలోహిత కిరణములు కనుగ్రుడ్డు పైపొరను కాల్చివేయును. ఇసుక పోసినట్లు కన్నులు మండుట కొన్ని గంటల పిమ్మటగాని తెలియదు.

క్రొత్త యినుముతో గేటు చేయుట యా పనివారికి సులభమే. ముసలి కారు వచ్చి నిలిచినప్పుడే వారి నేర్పునకు పరీక్ష.

ఇనుము నీటితోను, ప్రాణవాయువుతోను కలిసి తుప్పగునని పాఠములలో చదివియున్నాము. అల్యూమినియముపై నేర్పడు పొర లోని లోహమును కాపాడును. ఇనుపతుప్పు అట్టిది కాదు. అది మూల లోహముకంటె అనేక రెట్లు ఉబ్బి, పొరలు పొరలుగా విడిపోయి, లోపలి యినుమునకు తేమ చేరుటకు దారి యిచ్చును. ఉప్పు కలిసినచో ఆ పని మఱింత వేగముగ జరుగును. కావున చెన్నై, పుదుచ్చేరి వంటి సముద్రతీర నగరములలో తిరిగిన కారు, మన మెట్టసీమలో తిరిగిన దానికంటె ముందుగ శిథిలమగుట సహజము. పాతకారు కొనువారు రంగును చూచి మురియుదురు గాని, క్రింద పండుకొని చూచువారరుదు.

కొన్ని యేండ్ల క్రిందట ఒక షెడ్డులో ముదుసలి అంబాసిడరు నొకదానిని చూచితిని. తలుపు గడపక్రింద పెట్టెవలె మడచిన యినుపభాగముపై నాణెమంత బొబ్బ మాత్రమే కానవచ్చెను. పనివాడు స్క్రూడ్రైవరుతో నొక్కగా అది పిడివఱకు దిగిపోయెను. "పైన ఒక రేకు పెట్టి అతికించు మేస్త్రీ, చాలు" అని యజమాని యనెను. "అతుకు నిలుస్తాది సార్. అతుకు పక్కన ఉండే ఇనుము నిలవదు" అని యాతడు బదులు చెప్పెను. ఈ విషయములో తెలిసికొనవలసిన దంతయు ఆ మాటలోనే కలదు.

ఏలయన, కారు పైరేకు మందము సాధారణముగ ఒక మిల్లీమీటరునకు లోపే. తుప్పు తినగా మిగులునది అందులో సగమో, పావో! ఇనుము 1538 సెంటిగ్రేడు డిగ్రీలవద్ద కరుగును. ఎసిటిలీను వాయువును ప్రాణవాయువుతో కలిపి మండించినచో 3000 డిగ్రీలకు మించిన వేడి పుట్టునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లషాటలియే 1895లో తెలిపెను. అట్టి మంట సోకినంతనే చిక్కిన రేకు కరిగి కారిపోవును. ఒక చిల్లు పూడ్చబోయిన రెండగును. తుప్పుపై కరిగిన లోహము సరిగా అంటుకొనదు. బుడగలు పుట్టి అతుకు జల్లెడ వలె నగును. విద్యుత్తుతో తీగ నందించుచు, బొగ్గుపులుసు వాయువు కప్పి అతుకు నేటి యంత్రములు వేడిని కొంత అదుపులో నుంచును గాని, తుప్పును ఇనుముగా మార్చజాలవు.

కనుక మెఱయు నినుము కనబడువఱకు కోయవలెను. నాణెమంత చిల్లు అరచేయంత యగును. యజమాని ముఖము చిన్నబోవును. పిమ్మట అదే మందముగల రేకును కత్తిరించి, ఇచట నొక చుక్క, అచట నొక చుక్కగా, మధ్యమధ్య చల్లారనిచ్చుచు అతుకవలెను. ఒకే గీతగా సాగించినచో రేకు వేడికి మెలిదిరిగి, తలుపు మూతపడదు.

ఇందు ప్రాణములతో ముడిపడిన సంగతి యొకటి కలదు. లారీకిని, పాత జీపుకును క్రింద వేఱుగ ఛాసిస్ చట్ర ముండును. 2014 వఱకు తయారైన అంబాసిడరునకును, నేటి కార్లలో పెక్కింటికిని అట్టి చట్రము లేదు. మడచిన రేకులే బరువు మోయును. తలుపు రేకు చివికిన అందము చెడును, అంతే. వెనుక కమానుపట్టీలు బిగించిన చోటో, సీటుబెల్టు పట్టుచోటో చివికినచో గుంతలో పడిన దినమున బండి చేతిలో నిలువదు. అట్టి చోట లప్పము పూసి రంగు వేయుట మరమ్మతు కాదు, మోసము. తక్కువ కూలికి చేయుమని పట్టుబట్టు యజమానియు అందులో భాగస్థుడే యని నా యభిప్రాయము.

పనివాని కష్టములును తక్కువ కావు. ఖాళీ పెట్రోలు ట్యాంకు నిండుదానికంటె ప్రమాదకరము. అందు మిగిలిన ఆవిరి గాలితో కలిసి ప్రేలును. కావున దానిని ముందుగ విప్పి దూరముగ నుంచవలెను. సీట్లు, చాపలు తీసివేయవలెను. బ్యాటరీ తీగలు విప్పవలెను. అడుగున పూసిన తారును గోకవలెను. జింకుపూత రేకైనచో మఱియొక చిక్కు. జింకు 907 డిగ్రీలకే ఆవిరియగును. ఆ పొగ పీల్చినవానికి సాయంకాలమునకు చలిజ్వరము వచ్చును. పూతను గోకి, గాలి యాడుచోట పని చేయుట మేలు.

అతుకు ముగిసినను పని ముగియదు. వేడికి రేకు లోపలివైపు రంగు కాలిపోయి, అచట నినుము దిగంబరమై యుండును. మైనపునూనె వంటిది లోనికి చిమ్మనిచో వానకాలపు తేమకు అచటినుండియే తుప్పు మొదలగును.

ఆ అంబాసిడరు నాలుగు దినములు షెడ్డులోనే యుండెను. కోసి తీసిన ముక్కను మేస్త్రీ యజమాని చేతిలో పెట్టగా అది అప్పడమువలె నలిగి రాలెను. ఆయన మఱి బేరమాడలేదు. బండి నప్పగించుటకు ముందు మేస్త్రీ మరల క్రింద పండుకొని, నీరు జారుటకై గడపపెట్టె యడుగున నుండు చిన్న రంధ్రములను మేకుతో నొక్కొక్కటిగా తెఱచెను.