తెంచింది ఎవరో చెప్పే జాతీయాలు

విడిపోవడం గురించిన ఇంగ్లిష్ జాతీయాలన్నిటినీ ఒకే గాటన కట్టి, ‘తెగతెంపులు చేసుకోవడం’ అని అర్థం రాసేయడం మనకు అలవాటు. అది వాటికి అన్యాయం చేయడమే. బంధం తెగిందని చెప్పి అవి ఊరుకోవు, తెంచింది ఎవరో కూడా చెబుతాయి. ‘డియర్ జాన్ లెటర్’నే తీసుకోండి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికన్ సైనికుల నోట నలిగిన మాట ఇది. సముద్రాల అవతల పోరాడుతున్నవాడికి, ఇంటి దగ్గరున్న భార్యో ప్రియురాలో ‘ఇక నీకూ నాకూ చెల్లు’ అని రాసే ఉత్తరం. తెంచింది ఆమె. మాట సైనికులది కనుక ఆమె గోడు అందులో ఎక్కడా వినిపించదు. ‘పార్ట్ బ్రాస్ ర్యాగ్స్’ అలా కాదు. బ్రిటిష్ నౌకాదళంలో ఓడ మీది ఇత్తడి సామాను తోమడం నావికుల పని. ప్రాణస్నేహితులు తోముడు గుడ్డల్ని ఒకే సంచిలో దాచుకునేవారు. మనసులు విరిగితే ఎవరి గుడ్డలు వారివే. ఆ తగువులో ఇద్దరిదీ సమాన వాటా. ఇక ‘పార్టింగ్ ఆఫ్ ద వేస్’లో తప్పు ఎవరిమీదా పడదు. 1611 నాటి ఇంగ్లిష్ బైబిలులో, యెహెజ్కేలు గ్రంథంలో, బబులోను రాజు రెండు దారులు చీలే చోట నిలబడి శకునం చూసుకుంటాడు. అక్కడ చీలింది దారి, మనుషులు కాదు. మర్యాదగా విడిపోయే భాగస్వాములకు ఈ మాట నచ్చేది అందుకే.

తప్పు ఎవరిదన్న ఈ పట్టింపు వాళ్ల చట్టంలోనూ కనిపిస్తుంది. ఇంగ్లండులో 1857 చట్టానికి ముందు, మళ్లీ పెళ్లాడే వీలుతో విడాకులు కావాలంటే పార్లమెంటే ప్రత్యేకంగా చట్టం చేయాలి. ఆ తర్వాత కూడా భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి రుజువైతే చాలు. భార్యకు మాత్రం దానితోపాటు భర్త క్రూరత్వంలాంటి మరో నేరం కూడా చూపక తప్పేది కాదు. ఇంత పచ్చి వివక్ష 1923 దాకా సాగింది. ఎవరి తప్పూ ఎత్తి చూపకుండా, ఏళ్ల తరబడి విడిగా గడపకుండా విడాకులు దొరకడం 2022 ఏప్రిల్ నుంచే. జాతీయాలు చట్టంలోంచి పుట్టాయని కాదు, ఓడలోనూ యుద్ధంలోనూ పుట్టినవి చూశాం. రెండింటి వెనకా ఉన్న ప్రశ్న మాత్రం ఒకటే.

ఇలాంటి పుట్టుక కథలు చాలావరకు కల్పితాలు కదా, వాటిని బట్టి అర్థం తేల్చడమేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ‘కోల్డ్ షోల్డర్’ అంటే, ఇష్టంలేని అతిథికి వడ్డించే చల్లారిన గొర్రె మాంసమన్న కథ బాగా ప్రచారంలో ఉంది. కానీ 1816లో వాల్టర్ స్కాట్ ‘ది యాంటిక్వరీ’ నవలలో ఒక కౌంటెస్ అయిష్టాన్ని ఈ మాటతో చెప్పినప్పుడు వడ్డన ఊసే లేదు. ఆమె మొహం చాటేసింది, అంతే. మాంసం కథ కొట్టుకుపోయినా, ఎవరు ఎవర్ని దూరం పెట్టారన్నది చెక్కుచెదరలేదు. ఆధారం కథలో లేదు, వాడుకలో ఉంది. అందుకే ఉద్యోగం మానుతూ ఇంగ్లిష్‌లో ఉత్తరం రాసేటప్పుడు ‘పార్టింగ్ ఆఫ్ ద వేస్’ అనండి. ‘ఐ వాష్ మై హ్యాండ్స్’ అని రాస్తే, బైబిలులో చేతులు కడుక్కున్న పిలాతులాగా బాధ్యత వదిలించుకున్నది మీరేనని చదివేవాళ్లు అనుకుంటారు.