ఎకరానికో లెక్క, కూలికో లెక్క

2025 జనవరి 26న తెలంగాణ ప్రభుత్వం రెండు నగదు పథకాలను ఒకేరోజు ప్రారంభించింది. రైతు భరోసా కింద సాగుభూమికి ఎకరాకు ఏడాదికి రూ.12,000. ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద భూమిలేని వ్యవసాయ కూలీ కుటుంబానికి ఏడాదికి రూ.12,000. అంకె ఒక్కటే కావడంతో చూపుకు సమన్యాయంగానే కనిపిస్తుంది. కానీ భూమికి కొలత ఎకరం, కూలికి కొలత కుటుంబం. పదెకరాల పట్టాదారుకు ముట్టేది రూ.1,20,000. ఆ పొలంలో నాటేసి, కలుపు తీసే ఇంటికి, అందులో ఎందరు పనిచేసినా, రూ.12,000. పట్టా ఎవరిదో, నాటు ఎవరిదో పెద్దపల్లి జిల్లా ఊళ్లలో చాలావరకు కులం పేరుతోనే చెప్పవచ్చు.

షరతుల్లోనూ ఇదే తేడా. 2018 మే 10న రైతుబంధు మొదలైన నాటినుంచి పట్టాదారును 'నీవు దున్నావా?' అని ఎవరూ అడగలేదు. హైదరాబాద్‌లో ఉన్నా, అమెరికాలో ఉన్నా సొమ్ము ఖాతాలో పడింది. దున్నిన కౌలుదారుకు మాత్రం పడలేదు. కూలీ అయితే 2023-24లో ఉపాధి హామీ కింద కనీసం 20 రోజులు పనిచేసినట్టు రికార్డు చూపాలి. చెమట చిందించేవారే చెమటకు రుజువు తేవాలట!

ఇక గుంటల సంగతి. పేరున గుంట భూమి ఉన్నా ఆత్మీయ భరోసాకు అనర్హులే. దళిత కుటుంబాలకు ఎప్పుడో దక్కిన అసైన్డు చెక్క అన్నదమ్ముల పంపకాల్లో చీలి ఐదు గుంటలకు వచ్చిందనుకుందాం. ఆ ఇంటికి రైతు భరోసాగా సీజనుకు రూ.750 వస్తుంది. ఆ రూ.750 వచ్చే అర్హత కారణంగానే రూ.6,000 పోతుంది. ఐదు గుంటల మీద ఏ కుటుంబమూ బతకదు. ఆ ఇంటివాళ్లు ఏడాదంతా కూలికే పోతారు. అయినా కాగితం మీద వారు భూస్వాములు.

బొగ్గుబెల్టులో ఈ అన్యాయం మరో రూపు తీసుకుంది. ఉపాధి హామీ గ్రామీణ ప్రాంతాలకు ఉద్దేశించిన చట్టం. రామగుండం నగరపాలక సంస్థ పరిధిలో జాబ్‌కార్డు ఉండదు, కనుక ఆత్మీయ భరోసా లేదు. గోదావరిఖని బస్తీల నుంచి పొద్దున్నే ఆటోలెక్కి అంతర్గాం, పాలకుర్తి, కమాన్‌పూర్ మండలాల్లో పత్తి ఏరడానికీ, నాట్లకూ వెళ్లే ఆడవాళ్లు ప్రభుత్వ లెక్కలో వ్యవసాయ కూలీలు కారు. ఓపెన్‌కాస్టుల కింద ఊళ్లు పోయినప్పుడు ఎకరాల లెక్కన పరిహారం పట్టాదారుకు అందింది. ఆ ఎకరాల మీద బతికిన కూలీ బస్తీకి చేరాడు. బస్తీకి చేరినందుకే ఇప్పుడు మళ్లీ జాబితా బయట ఉన్నాడు. మునిసిపాలిటీల్లోని కూలీల విషయం పరిశీలించాలని హైకోర్టు ప్రభుత్వానికి సూచించింది కూడా.

సింగరేణి లాభాల పంపకాన్నీ ఇక్కడ ప్రస్తావించక తప్పదు. అది సంక్షేమం కాదు, హక్కు. 2023-24 లాభాల్లో 33 శాతం, అంటే రూ.796 కోట్లు, పర్మినెంటు కార్మికులకు ప్రకటించారు. సగటున ఒక్కొక్కరికి రూ.1.90 లక్షలు. దాదాపు 25,000 మంది కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా తలా రూ.5,000 ఇచ్చారు. బొగ్గు ఒక్కటే, దుమ్ము ఒక్కటే.

నగదు సాయాన్ని 'ఉచితాలు' అని ఈసడించేవారితో నాకు ఏకీభావం లేదు. ఖాతాలో పడ్డ ఆరు వేలు ఒక దళిత స్త్రీని ఆసామి ముందు అడ్వాన్సు కోసం చేయి చాచకుండా ఆపగలవు. అలాగని నగదు భూమికి ప్రత్యామ్నాయం కాదు. 1947లోనే 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో అంబేడ్కర్ వ్యవసాయ భూమిని రాజ్యం పరం చేయాలన్నారు. 1978 జగిత్యాల జైత్రయాత్ర నాటి కరీంనగర్ పల్లెలు అడిగిందీ భూమినే. 2014లో ప్రకటించిన దళితులకు మూడెకరాలు మధ్యలోనే ఆగింది. 2021లో హుజూరాబాద్ ఉపఎన్నికకు ముందు వచ్చిన దళితబంధు కుటుంబానికి రూ.10 లక్షలు ఇచ్చింది. కానీ మిగతా నియోజకవర్గాల్లో తొలివిడత వంద కుటుంబాలకే పరిమితమై, ఎంపిక ఎమ్మెల్యేల చేతిలో పడింది.

2024 కులగణన షెడ్యూల్డు కులాల వాటా 17.43 శాతమని తేల్చింది. అంత శ్రమకోర్చి లెక్కించిన ప్రభుత్వం రైతు భరోసా సొమ్ములో ఏ కులానికి ఎంత చేరిందో మండలాలవారీగా ప్రకటించాలి. ఇరవై రోజుల షరతు ఎత్తివేయాలి. ఎకరంలోపు పట్టా ఉండి కూలికి వెళ్లే కుటుంబాలను ఆత్మీయ భరోసాలో చేర్చాలి. రామగుండం బస్తీల్లో వార్డు సభలు పెట్టి, పొలం పనులకు వెళ్లేవారి పేర్లు అక్కడే నమోదు చేయాలి.