నీళ్లు మోస్తూ నీళ్లకు అలమటించే బండి

ఎండాకాలం మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఉప్పుగూడ సందులు దాటి ఫలక్‌నుమా దిక్కు ఎక్కే పాత ట్యాంకర్ వీపు మీద అయిదు వేల లీటర్ల నీళ్లుంటాయి. అంటే అయిదు టన్నులు. ముందున్న ఇంజన్ మాత్రం రెండు మూడు బకెట్ల నీళ్లతోనే నెట్టుకురావాలి. ఆ కాసిని నీళ్లు మరిగాయంటే బండి రోడ్డు పక్కనే.

డీజిల్ మండితే పుట్టే శక్తిలో ఇంజన్ పనికి అక్కరకొచ్చేది సుమారు మూడో వంతు. మరో మూడో వంతు పొగగొట్టంలో పోతుంది. మిగిలిన వేడిలో చాలా భాగాన్ని నీళ్లు మోసుకెళ్లి రేడియేటర్‌లో గాలికి అప్పగించాలి. హైవే మీద గాలి దానంతటదే దూసుకొస్తుంది. బరువేసుకుని, మొదటి గేరులో, ఆటోల మధ్య పాకుతుంటే వేడి ఎక్కువ, గాలి తక్కువ. రేడియేటర్ పుట్టిన దగ్గర్నుంచీ దాని కుస్తీ ఈ నెమ్మది నడకతోనే.

1886 నాటి బెంజ్ మూడు చక్రాల కారులో నీళ్లు మరిగి ఆవిరైపోతూ ఇంజన్‌ను చల్లబరిచేవి. 1888లో బెర్తా బెంజ్ ఆ కారులో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు నూరు కిలోమీటర్ల పైచిలుకు వెళ్తూ దారిపొడవునా నీళ్లు పోస్తూనే ఉంది. 1900-01లో విల్‌హెల్మ్ మేబాక్ 35 హార్స్‌పవర్ మెర్సిడెస్ కోసం తేనెపట్టు రేడియేటర్ చేశాడు. ఆరేసి మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070. గొట్టాల లోపల గాలి, చుట్టూ నీళ్లు. తొమ్మిది లీటర్లతో పని జరిగింది. వెనక ఓ ఫ్యాను కూడా పెట్టాడు. నన్నడిగితే అసలు మలుపు ఆ ఫ్యానే. బండి కదలకపోయినా గాలి కదులుతుంది.

మన దగ్గర నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులతో మొదలైంది. ఆ కాలపు బస్సులకు రేడియేటరే ముఖం, దాచేవాళ్లు కాదు. నీళ్లను ఒత్తిడిలో ఉంచే మూత విరివిగా వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. హైదరాబాద్ ఎత్తులో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఆ మూత మరో వాతావరణ పీడనం కలిపితే దాదాపు 120 దాకా ఆగుతాయి. మూతలో రబ్బరు ఎండినా, స్ప్రింగు సడలినా ఆ లాభమంతా పోతుంది. ఖరీదు తక్కువ సామాను కదా, ఎవరికీ అనుమానం రాదు.

పాత బండికి అసలు రోగం నీళ్లలోనే ఉంది. బోరు నీళ్లు చేతికందుతుంటే కూలెంట్ ఎవరు కొంటారు? ఆ నీళ్లలోని సున్నం గొట్టాల లోపల పొర కడుతుంది. ఇత్తడితో పోలిస్తే ఆ పొర వేడిని పదుల రెట్లు తక్కువగా పోనిస్తుంది. గేజు ముల్లు ఎర్రగీత వైపు జరిగితే కొందరు మెకానిక్‌లు, వేడిని బట్టి నీళ్లను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్‌ను పీకేస్తారు. కొన్ని ఇంజన్లలో అది లేకపోతే వేడినీళ్లలో కొంత రేడియేటర్ మొహం చూడకుండానే తిరిగి ఇంజన్‌లోకి పోతుంది. మంచి కంటే చెడే ఎక్కువ. ఫ్యాను చుట్టూ ఉండే రేకు ఊడిపోతే, ఫ్యాను తన చుట్టూ ఉన్న వేడిగాలినే మళ్లీ తిప్పుకుంటుంది. రిపేరుకొచ్చిన బండ్లలో దాన్ని తిరిగి బిగించినవి అరుదు.

ఎత్తు ఎక్కేటప్పుడు పై గేరులో మూలిగించకుండా ఒక గేరు దించాలి. బెల్టుతో తిరిగే ఫ్యానూ నీళ్ల పంపూ ఇంజన్‌తో పాటే జోరందుకుంటాయి. ముల్లు పైకెక్కితే బండి ఆపి, బరువు లేకుండా ఇంజన్‌ను కాసేపు తిరగనివ్వాలి. ఠక్కున ఆపేస్తే ఇనుములోని వేడి కదలని నీళ్లను మరిగిస్తుంది. బెల్టు తెగినా, నీళ్లు కారిపోయినా మాత్రం వెంటనే ఆపాల్సిందే. వేడి మీద మూత తిప్పారా, 98 దాటిన నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతాయి.

కొత్త బండ్లకు అల్యూమినియం రేడియేటర్, ప్లాస్టిక్ ట్యాంకులు వస్తున్నాయి. తేలిక, చవక, కానీ ప్లాస్టిక్ పగిలితే టంకం పట్టదు. పాత ఇత్తడి రేడియేటర్‌నైతే ట్యాంకు విప్పి, గొట్టాల్లో సన్నటి కడ్డీ ఆడించి సున్నం రాల్చి, మళ్లీ టంకం పెట్టొచ్చు. తుక్కు బజారులో ఇత్తడికి మంచి ధర పలుకుతుందని దాన్ని అమ్మేసే ట్యాంకర్ యజమానులు ముందు ఆ కడ్డీ పని చేయించి చూడటం మేలు.