సౌర టీకా రిఫ్రిజిరేటర్

సౌర టీకా రిఫ్రిజిరేటర్ అనగా సూర్యరశ్మితో ఉత్పత్తి అయ్యే విద్యుత్తుతో టీకాలను చల్లగా భద్రపరచు సాధనము. విద్యుత్ సరఫరా లేని, లేదా తరచు నిలిచిపోయే గ్రామీణ ఆరోగ్య కేంద్రాలలో దీనిని వాడతారు.

సాధారణంగా టీకాలను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. వేడి తగిలితే వాటి శక్తి తగ్గుతుంది. హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు గడ్డకట్టినా పాడవుతాయి.

పాత నమూనాలు బ్యాటరీలపై ఆధారపడేవి. బ్యాటరీలు కొన్నేళ్లకే పాడవడంతో, వాటిని మార్చకపోతే రిఫ్రిజిరేటర్లు మూలపడేవి. బ్యాటరీ లేని నమూనాలలో చాలావరకు పగటిపూట నీటిని మంచుగడ్డగా మారుస్తాయి. ఆ మంచే రాత్రివేళ, మబ్బు పట్టిన రోజులలో టీకాలను కాపాడుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినపుడు, గోపాలపట్నంతో సహా నగరమంతటా విద్యుత్ సరఫరా స్తంభించింది. ఇటువంటి విపత్తులలో ఈ సాధనం అక్కరకు వస్తుంది. అయితే సౌర పలకలను గాలికి ఎగిరిపోకుండా బిగించాలి. వాటిపై దుమ్ము, నీడ లేకుండా చూడాలి.