పాత కొయ్యకు క్రొత్త కొలువు

పంటలు ఇల్లు చేరిన పిమ్మట పాత యిండ్లను విప్పి డాబాలు కట్టుట మన గ్రామములందు పరిపాటియైనది. గోదావరి, కృష్ణా డెల్టాలలో తాతలనాటి మండువా లోగిళ్లు ఏటేట తగ్గిపోవుచున్నవి. ఇల్లు విప్పిన మరునాడే పాతసామానుల వర్తకుడు బండితో వాకిట నిలుచును. దూలములు, ద్వారబంధములు, తలుపులు, పట్టెమంచములు, భోషాణములు అన్నియు ఒక్క తూకమున పోవును. ఆ నెలలోనే క్రొత్త యింటికి బల్లలు, మంచములు, బీరువాలు కొనుటకై అప్పు పత్రముపై సంతకము పడును. ఈ రెండు పనుల నడుమ ఒక్క దినము ఆగి ఆలోచింపుడని సభ్యులకు విన్నవించుటకే ఈ నాలుగు మాటలు.

ఇతరులకు చెప్పుటకు ముందు మా తప్పు మేము చెప్పుకొనవలెను. మా యింట పెద్దలనాటి భోషాణమొకటి యుండెను. దస్తావేజులు, పెండ్లిచీరలు, ఇత్తడి సామాను అందులోనే యుండెడివి. మూత కీలు ఊడి, ఒక కాలు చీకి, అది గొడ్లసావిడిలో మూలబడెను. చోటు చాలదని మేమే దానిని తూకమునకిచ్చితిమి. కొన్ని నెలలకు పట్టణమున ఒక అంగడిలో అట్టి పెట్టెనే మెరుగుపెట్టి నిలిపియుండగా చూచితిమి. వెల యడిగి, బదులాడక తిరిగి వచ్చితిమి. వర్తకుని దోషమేమియు లేదు. మన వస్తువు విలువ మనమెరుగకపోవుటయే దోషము. అటుపిమ్మట ఇల్లు విప్పినపుడు తలుపులను మాత్రము అమ్మలేదు. వానిలో ఒకటి బల్లయై నేడు మా పిల్లల చదువునకు ఉపయోగపడుచున్నది.

పాత కొయ్యలో అంతటి గొప్ప యేమున్నదని కొందరు అడుగవచ్చును. పూర్వము ఎగువ అడవులలోని టేకు దుంగలను తెప్పలుగా కట్టి గోదావరిలో రాజమహేంద్రవరమునకు దింపెడివారు. బాగుగా ముదిరిన ఆ మాకుల నడిమి భాగమునే చేవ యందుము. టేకు చేవలో సహజముగా నుండు పదార్థముల వలన చెదలు దానిని సులభముగా అంటవు. బెరడు క్రిందనుండు తెల్లని భాగమునకు ఈ రక్షణ లేదు. నేడు తక్కువ వెలకు దొరకు బల్లలు అనేకము చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసినవి. వానికి నీరు తగిలిన ఉబ్బును. ఉబ్బినది మరల యథాస్థితికి రాదు. వానకాలమున నేల చెమర్చు మన యిండ్లలో అవి ఎంతకాలము నిలుచునో చెప్పనక్కరలేదు.

అయినను పాతదెల్ల మంచిదని మేము చెప్పుట లేదు. ముందుగా పరీక్షింపవలెను. చాకుమొనతో అక్కడక్కడ గ్రుచ్చి చూడుడు. మొన సులభముగా దిగినచో ఆ భాగము చీకినదని తెలియును. చిన్న రంధ్రములనుండి క్రొత్తగా పిండి రాలుచున్నచో లోపల పురుగు ఇంకను బ్రతికియున్నదనుట. అట్టి చెక్కను ఇంటిలోనికి తేక ముందే వేరుచేసి, తెల్లభాగమును చెక్కివేసి, బోరాక్సు, బోరిక్ యాసిడ్ కలిపిన మందునీరు పట్టించవలెను. కొయ్య అంతయు గుల్లయైనచో వంటచెరకునకు తప్ప దేనికిని పనికిరాదు.

విప్పునపుడు తొందర కూడదు. పూర్వపు వడ్రంగులు కుసిని బెజ్జములో దిగగొట్టి కొయ్యచీలతో బిగించెడివారు. చీలను వెనుకనుండి తట్టి తీసిన అతుకు చెడక వచ్చును. గునపముతో పెకలించిన చీలిపోవును. సరేసుతో అంటించిన అతుకు వేడినీటి తడికి మెత్తబడి వదలును. రంపము పెట్టుటకు ముందు అయస్కాంతమును చెక్కపై నడిపించిన లోపల దాగిన మేకులు తెలియును. రంపపు పళ్లు దక్కును, వడ్రంగి కన్నును దక్కును.

ఇక ఏది యేమి చేయవచ్చును? తలుపురెక్కకు నాలుగు కాళ్లు కట్టిన చదువుబల్ల యగును. ఎత్తు 30 అంగుళములుండిన చాలును. భోషాణమునకు కాలు మార్చి, మూత సరిచేసిన పరుపులు దాచు పెట్టెయు, కూర్చుండు బల్లయు నగును; కూర్చుండుటకు 18 అంగుళముల ఎత్తు అనుకూలము. పట్టెమంచము పట్టెలు గట్టివైనచో క్రొత్త నవారు అల్లించిన మరల ఒక తరము నడచును. ఇత్తడి పువ్వులను, గడియలను చింతపండుతో తోమి, కడిగి, తుడిచి బిగించుకొనవలెను. మెరుగునకు చపడా లక్కను స్పిరిటులో కరగించి పలుచగా పలుమారులు పూయుట మంచి పద్ధతి. అవిసెనూనె పూయువారు ఆ నూనెగుడ్డలను కుప్పగా పడవేయరాదు. అవి తమంతట తామే వేడెక్కి నిప్పంటుకొనగలవు. నీటిలో ముంచియైనను, ఆరుబయట విప్పి ఆరవేసియైనను పిమ్మట పారవేయవలెను.

మూడు అపాయములను మరువరాదు. మొదటిది పాతరంగు. వెనుకటి రంగులలో సీసము విరివిగా నుండెడిది. ఇంటిరంగులలో సీసము 10 లక్షల భాగములకు 90 భాగములు మించరాదని మన దేశమున 2016లో నియమము చేసి, 2017 నవంబరు నుండి అమలుపరచిరి. అంతకు ముందటి రంగును పొడిగా గీకిన ఆ ధూళి పిల్లలకును గర్భిణులకును మిక్కిలి హానికరము. తడిపి గీకుడు, ముక్కునకు గుడ్డ కాక తగిన మాస్కు కట్టుడు, పిల్లలను దూరముంచుడు. రెండవది పురుగుమందు. ఎన్నడైనను మందుడబ్బాలు దాచిన పెట్టెను ధాన్యమునకు గాని, బట్టలకు గాని వాడరాదు. మూడవది భోషాణపు మూత. అది చేతులపై పడకుండ గొలుసు బిగింపవలెను. ఆటలో పిల్లలు లోపల దూరి చిక్కుకొనకుండ బయటి గడియను తీసివేయవలెను.

ఒక్కరి యింటి పనికై వడ్రంగి దినములకొద్ది నిలుచుట కష్టము. నలుగురైదుగురు సభ్యులు కలిసి తమ పాతకొయ్యను ఒక్క కొట్టములో చేర్చి పని చేయించుకొనిన కూలి కలిసివచ్చును; ఒకరికి మిగిలిన ముక్క మరియొకరికి అక్కరకు వచ్చును. ఆ కూలియు మన యూరి వడ్రంగికే దక్కును. ఎరువునకు, విత్తనమునకు చేసిన అప్పు పంటతో తీరవచ్చును. బల్లలకు చేసిన అప్పును తీర్చు పంట యేదియు లేదు.

కావున సభ్యులారా, తూకపు బండి వాకిటికి వచ్చినపుడు ముందుగా చాకు తీసికొని కొయ్య దగ్గరకు పొండు. చేవ యున్నదో లేదో చూచుకొని ఆ తరువాతనే బేరమాడుడు.