మన జట్టుకు ఒక ప్యాడ్

తిరునాళ్ళలో కోలాటం మీరు చూసే ఉంటారు. మీలో కొందరు ఆడే ఉంటారు. ఆడవాళ్ళు కోలలు పట్టుకొని గుండ్రంగా తిరుగుతుంటారు. పక్కన ఒకాయన నిలబడి ఉంటాడు. ఆయన ముందు స్టాండు. దాని మీద ఒక నల్లని పెట్టె. రెండు పుల్లలతో ఆయన దాన్ని కొడతాడు. ఒక చోట కొడితే డోలక్ పలుకుతుంది. ఇంకో చోట కొడితే తప్పెట పలుకుతుంది. మరో చోట కొడితే గజ్జెలు ఘల్లుమంటాయి. ఒక్క పెట్టెలో ఇన్ని వాయిద్యాలు ఎట్లా దాగినాయి?

దాని పేరు ఎలక్ట్రానిక్ ప్యాడ్. వాడుకలో ప్యాడ్స్ అంటారు.

ఒక సంగతి గమనించారా? కోలలు వేసేది ఆడవాళ్ళు. ప్యాడ్ కొట్టేది ఎక్కువగా మగవాళ్ళు. బయటి మనిషిని పిలిస్తే కూలి ఇవ్వాల. ఆయనకు వేరే ఊళ్ళో పని తగిలితే మన ఆట ఆగిపోతుంది. మన జట్టులోనే ఒకరు నేర్చుకుంటే? నేర్చుకోవచ్చు. దానికి పెద్ద చదువు అక్కరలేదు. అంకెలు చదవడం, నాలుగు మాటలు రాసుకోవడం వస్తే చాలు. అవి మీకు ఇప్పుడు వచ్చు.

పెట్టెలో ఏముంది?

గ్యాస్ పొయ్యి వెలిగించే లైటరు తెలుసు కదా. నొక్కితే టక్ మని నిప్పురవ్వ వస్తుంది. అందులో బ్యాటరీ లేదు. మరి రవ్వ ఎక్కడిది? లోపల ఒక రకం గట్టి బిళ్ళ ఉంటుంది. దాని మీద దెబ్బ పడితే కరెంటు పుడుతుంది. ఇలాంటి గుణం కొన్ని రాళ్ళకు, స్ఫటికాలకు ఉందని 1880లో ఫ్రాన్సు దేశంలో ఇద్దరు అన్నదమ్ములు కనుక్కున్నారు. వారు జాక్ క్యూరీ, పియరీ క్యూరీ. రేడియం కనుక్కున్న మేరీ క్యూరీ ఈ పియరీ భార్యే.

చాలా ప్యాడ్లలో రబ్బరు గడి కింద ఇలాంటి బిళ్ళే ఉంటుంది. మనం కొడితే రవ్వంత కరెంటు పుడుతుంది. “ఈ గడి మీద దెబ్బ పడింది, ఇంత గట్టిగా పడింది” అని అది లోపలి యంత్రానికి తెలుపుతుంది. యంత్రం ఆ గడికి కేటాయించిన శబ్దాన్ని వినిపిస్తుంది. మెల్లగా కొడితే మెల్లగా, గట్టిగా కొడితే గట్టిగా.

ఆ శబ్దం ఎక్కడిది? ముందుగా రికార్డు చేసి పెట్టిన ముక్క అది. ఆ ముక్కను శాంపిల్ అంటారు. శాంపిల్ అంటే మచ్చు. వడ్లు అమ్మేటప్పుడు గుప్పెడు మచ్చు చూపిస్తాం కదా. ఇది శబ్దానికి మచ్చు. రికార్డు చేసేటప్పుడు యంత్రం శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా దాచుకుంటుంది. కొట్టగానే ఆ అంకెలను మళ్ళీ శబ్దంగా మారుస్తుంది.

కాబట్టి ప్యాడ్ తనంతట తాను ఏదీ వాయించదు. అందులో ఏది పెడితే అదే పలుకుతుంది.

ఎప్పుడు వచ్చింది?

1985లో జపాన్‌కు చెందిన రోలండ్ కంపెనీ ఆక్టాప్యాడ్ చేసింది. ఆక్టా అంటే ఎనిమిది. దానికి ఎనిమిది గడులు. దాంట్లో సొంత శబ్దాలు లేవు. వేరే యంత్రానికి తగిలించి పలికించాలి. 1998లో అదే కంపెనీ ఎస్.పి.డి.-20 అనే ప్యాడ్ తెచ్చింది. అందులో 700 శబ్దాలు ఉన్నాయి. పెళ్ళి ఆర్కెస్ట్రాల వాళ్ళు దాన్ని బాగా వాడారు. కానీ అందులో మన తప్పెట శబ్దాన్ని నింపడానికి వీలు లేదు.

తరువాత మెమరీ కార్డు పెట్టే ప్యాడ్లు వచ్చాయి. మన ఫోన్లలో పెట్టే కార్డు లాంటిదే. అలెసిస్ వంటి కంపెనీలు నాలుగు గడులవి, ఎనిమిది గడులవి తక్కువ ధరలో చేశాయి. కోలాటానికి నాలుగు గడులు చాలు. లావు పుల్ల దెబ్బ, సన్న పుల్ల దెబ్బ, తాళం, గజ్జెలు.

కొనే ముందు

అంగట్లో ఇవి చూడండి.

1. మెమరీ కార్డు పెట్టే చోటు ఉందా?
2. చెవులకు పెట్టుకొనే హెడ్‌ఫోన్ తగిలించే రంధ్రం ఉందా?
3. ప్రతి గడిని మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి కొట్టి చూడండి. ఒక గడిని కొడితే పక్క గడి పలకకూడదు. పాత ప్యాడ్ కొంటే ఇది తప్పక చూడాలి.
4. రసీదు, గ్యారంటీ కాగితం తీసుకోండి. తేదీ, ధర చదివి చూసుకోండి.

చౌక ప్యాడ్లలో చాలావాటికి స్పీకరు ఉండదు. ఇంట్లో హెడ్‌ఫోన్‌తో వినాలి. బయట మైక్‌సెట్టుకు తగిలించాలి. ఇది తెలియక కొని, ఇంటికి వచ్చాక “పలకలేదే!” అనుకోవద్దు.

ఒక లెక్క వేద్దాం. ప్యాడ్ 18,000 రూపాయలు అనుకుందాం. స్టాండు, వైర్లు, హెడ్‌ఫోన్ కలిపి 3,000. మొత్తం 21,000. ఇవి లెక్క కోసం చెప్పిన ధరలు. అసలు ధర అంగట్లో అడగండి. జట్టులో 12 మంది ఉంటే ఒక్కొక్కరికి 1,750. నెలకు 250 చొప్పున పొదుపు చేస్తే 7 నెలల్లో సొమ్ము చేతికి వస్తుంది.

అదే 21,000 నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే? నెలకు 630 రూపాయల వడ్డీ. ఏడాదికి 7,560. అసలు అట్లాగే ఉంటుంది. ఏడు నెలలు ఆగడం మేలా, అప్పు మేలా? జట్టులో కూర్చొని మాట్లాడుకోండి.

ఇంట్లో సాధన

ప్యాడ్ కొనకముందే సాధన మొదలు పెట్టవచ్చు. బొంతను నాలుగు మడతలు వేయండి. రెండు పుల్లలు తీసుకోండి. కుడి, ఎడమ, కుడి, ఎడమ. నోటితో “తకధిమి” అనండి. అది నాలుగు దెబ్బలు. “తకిట” అనండి. అది మూడు దెబ్బలు. వేగం వద్దు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం సమానంగా ఉండాలి. రోజూ పావుగంట చాలు.

ప్యాడ్ వచ్చాక హెడ్‌ఫోన్ పెట్టుకొని సాధన చేయండి. పిల్లల నిద్ర చెడదు. ఇరుగుపొరుగుకు ఇబ్బంది ఉండదు. శబ్దం తక్కువలో పెట్టుకోండి. చెవుల్లో గుయ్‌మని మోత వస్తే వెంటనే ఆపండి. పోయిన వినికిడి మళ్ళీ రావడం కష్టం.

“బొత్తాల మీద అంతా ఇంగ్లీషే కదమ్మా!” అంటారా? నిజమే. కానీ ముఖ్యమైన మాటలు నాలుగే. పవర్ అంటే కరెంటు. వాల్యూమ్ అంటే శబ్దం. ఫోన్స్ అంటే హెడ్‌ఫోన్. కిట్ అంటే ఒక పాటకు కావలసిన శబ్దాల వరస. చిన్న కాగితం ముక్కల మీద తెలుగులో రాసి పక్కన అంటించండి.

ఒక నోటుపుస్తకం కూడా పెట్టుకోండి. కిట్ మార్చితే ప్యాడ్ తెర మీద అంకె మారుతుంది. ఏ అంకెకు ఏ ఆటో ఇట్లా రాసుకోండి.

1 – కోలాటం
2 – చెక్కభజన
3 – చర్చి పాటలు
4 – పెళ్ళి ఊరేగింపు

రాసుకుంటే కొట్టే మనిషి రాని రోజు ఇంకొకరు చూసి కొట్టగలరు.

మన తప్పెటను నింపుకోవడం

ప్యాడ్‌లో వచ్చే శబ్దాలు ఎక్కడో దూరదేశంలో నింపినవి. మన ఊరి తప్పెట గొంతు వేరు. దాన్ని మనమే నింపుకోవచ్చు.

తప్పెట కొట్టే ఆయనను అడగండి. అడగకుండా రికార్డు చేయవద్దు. ఇది మర్యాద మాత్రమే కాదు. 1994లో కాపీరైటు చట్టాన్ని సవరించినప్పుడు కళాకారులకు ఈ హక్కు వచ్చింది. ఆయనకు ఆ పూట కూలి కూడా ఇవ్వండి. ఆయన చేతి దెబ్బను మనం ఎన్నో ఆటల్లో వాడుకుంటాం కదా.

తప్పెటను మంట దగ్గర కాచిన తరువాతే రికార్డు చేయాలి. అప్పుడే తోలు బిగిసి ఖంగుమంటుంది. తెల్లవారుజామున, సద్దు లేని చోట కూర్చోండి. ఫ్యాను ఆపండి. ఫోన్‌ను ఒక బారెడు దూరంలో పెట్టండి. ఒక్కొక్క దెబ్బే కొట్టించండి. దెబ్బకూ దెబ్బకూ మధ్య రెండు సెకన్లు ఆగమనండి.

తరువాత ప్రతి దెబ్బనూ విడిగా కత్తిరించాలి. ముందున్న ఖాళీని పూర్తిగా తీసేయాలి. లేకపోతే మనం కొట్టిన కొంచెం సేపటికి గానీ శబ్దం రాదు. కోల ఒక చోట పడుతుంది, తప్పెట ఇంకో చోట పడుతుంది. చాలా ప్యాడ్లు వేవ్ అనే రకం ఫైలునే చదువుతాయి. ఫోన్ వేరే రకంగా దాచి ఉండవచ్చు. కంప్యూటరు తెలిసిన పిల్లల చేత మార్పించుకోండి. పక్కన కూర్చొని చూడండి. రెండోసారి మీరే చేయగలరు.

ఆట రోజు

- అడాప్టరు మీద ఎన్ని వోల్టులని ఉందో చదవండి. ప్యాడ్‌తో వచ్చిన అడాప్టరే వాడండి. ఇంకోటి పెడితే ప్యాడ్ కాలిపోవచ్చు.
- తడి చేతులతో ప్లగ్గు ముట్టవద్దు. తడి నేల మీద వైర్లు పరచవద్దు. ఆడేవాళ్ళ కాళ్ళకు తగలకుండా వైర్లను పక్కగా వేయండి.
- మైక్‌సెట్టుకు తగిలించే ముందు రెండు చోట్లా శబ్దం సున్నాకు తగ్గించండి. తగిలించాక మెల్లగా పెంచండి.
- ప్యాడ్‌ను పెద్ద స్పీకరు పక్కన పెట్టవద్దు. ఆ అదురుకు గడులు వాటంతట అవే పలకవచ్చు.
- ఎండలో వదలవద్దు. మన కడప జిల్లా ఎండకు యంత్రం చెడుతుంది.
- ప్యాడ్ కొట్టే మనిషికి కోలాటం గురువు కాళ్ళు, కోలలు కనబడాలి.

ఈ చివరి మాట చాలా ముఖ్యం. ఎందుకంటే, కొన్ని ప్యాడ్లలో లూప్ అని ఉంటుంది. ఒక్కసారి కొడితే దరువు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. సులువుగా ఉందని దాన్ని పెట్టేస్తారు. కానీ లూప్ వేగం మారదు. కోలాటం అట్లా కాదు. మెల్లగా మొదలై, ఉండేకొద్దీ ఊపందుకుంటుంది. గురువు ఊపు పెంచితే లూప్ వెనకబడుతుంది. కోలలు తప్పుతాయి. అందుకే కోలాటానికి చేత్తోనే కొట్టండి. ఆడేవాళ్ళను చూస్తూ కొట్టండి.

ఇంకొక మాట. మైక్ పెట్టడానికి అనుమతి కాగితం తీసుకోవాలి. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు బయట మైకులు మోగించకూడదు. కొన్ని పండగ రోజులకు ప్రభుత్వం రాత్రి 12 వరకు సడలింపు ఇవ్వవచ్చు. అవి ఏడాదికి 15 రోజులు మించకూడదు.

తప్పెట ఆయనను మరవద్దు

“ప్యాడ్ వచ్చింది, ఇక తప్పెట ఎందుకు?” అని కొందరు అంటారు. ఇది ఆలోచించాల్సిన మాట. ఆ తప్పెటతో బతికే ఇండ్లు ఉన్నాయి. ప్యాడ్‌లో నాలుగు దెబ్బలే ఉంటాయి. ఆయన చేతిలో లెక్కలేనన్ని దరువులు ఉన్నాయి. మనకు దరువు నేర్పగలిగిందీ ఆయనే. వానకు తోలు మెత్తబడితే ప్యాడ్ ఆదుకుంటుంది. కరెంటు పోతే తప్పెట ఆదుకుంటుంది. రెండూ ఉన్న జట్టుకు ఆట ఆగదు.

ప్యాడ్‌ను మనం చదివి, రాసుకొని, మన చేత్తో నడుపుదాం. తప్పెటను పక్కనే నిలుపుకుందాం.

కొత్త మాటలు

శాంపిల్ – శబ్దపు మచ్చు
కిట్ – ఒక పాటకు పెట్టుకొనే శబ్దాల వరస
లూప్ – ఆగకుండా తిరిగే దరువు
అడాప్టరు – ఇంటి కరెంటును యంత్రానికి తగినట్టు తగ్గించేది

చెప్పండి చూద్దాం

1. గ్యాస్ లైటరుకు, ప్యాడ్‌కు పోలిక ఏమిటి?
2. కోలాటానికి లూప్ ఎందుకు పనికిరాదు?
3. ప్యాడ్, సామాను కలిపి 24,000 రూపాయలు. జట్టులో 10 మంది. ఒక్కొక్కరికి ఎంత పడుతుంది?
4. మీ జట్టు ఆడే పాటల పేర్లు రాయండి. ఏ పాటకు ఏ వాయిద్యం కావాలో పక్కన రాయండి.