కారు చార్జింగుకు చవక కరెంటు ఏ వేళలో?

విద్యుత్ కారును ఇంటి దగ్గర చార్జి చేసుకునేవారికి యూనిట్ ఎంతకు పడుతుందన్నది, ఆ ఇంట్లో అప్పటికే నెలకు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయన్న దానిని బట్టి మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో గృహ విద్యుత్తుకు శ్లాబుల పద్ధతి, అంటే వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్లకు ధర పెరిగే పద్ధతి అమలులో ఉంది. 2022-23 టారిఫ్ ప్రకారం 76 నుంచి 125 యూనిట్ల వరకు యూనిట్ రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75, స్థిర చార్జీలు, సర్దుబాటు చార్జీలు వీటికి అదనం.

ఉదాహరణకు, కళ్యాణదుర్గం నుంచి అనంతపురం దాదాపు 60 కిలోమీటర్లు. యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు నడిచే కారు వెళ్లిరావడానికి 20 యూనిట్ల లోపే సరిపోతుంది కనుక, నెలకు ఎనిమిది సార్లు తిరిగితే సుమారు 150 యూనిట్లు ఖర్చవుతాయి. నెలకు 75 యూనిట్లే వాడే ఇంటికి ఈ అదనపు వాడకం రూ.825 పడితే, 225 యూనిట్లు వాడే ఇంటికి అదే వాడకం రూ.1,312 పడుతుంది. అదే టారిఫ్ ప్రకారం వాహన చార్జింగు కేటగిరీలో యూనిట్ రూ.6.70 కాబట్టి ఆ లెక్కన రూ.1,005 అవుతుంది. కారు చార్జింగుకు వినియోగదారుడు కోరితే వేరే కనెక్షన్ ఇవ్వాలని 2024లో సవరించిన కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి గానీ, ఆ కనెక్షన్ వాహన కేటగిరీలో మంజూరైనా పెద్ద వాడకం ఉన్న ఇంటికే లాభం, చిన్న ఇంటికి నష్టం.

ఇక వేళ సంగతి. రాత్రి కరెంటే చవక అన్న భావన ఒకటి ఉంది. ఈ అనంతపురం మెట్టసీమలో అది నిలవదు. సౌర విద్యుత్తు పెరిగి పగలే కరెంటు సమృద్ధిగా దొరుకుతున్నందువల్ల, ఒకప్పుడు రాత్రిపూట పాములకూ పురుగులకూ భయపడుతూ బోరు మోటారు వేయడానికి పొలానికి నడిచిన రైతుకు ఇప్పుడు పగలే తొమ్మిది గంటల సరఫరా ఇచ్చే విధానం వచ్చింది. కారు కూడా ఆ మోటారు దారినే పగటికి మారడం న్యాయం. 2023 జూన్‌లో సవరించిన కేంద్ర నిబంధనలు కూడా ఇదే దిశలో, సౌర వేళల్లో టారిఫ్ మామూలు ధర కంటే కనీసం 20 శాతం తక్కువగా ఉండాలనీ, స్మార్ట్ మీటరు పెట్టిన ఇళ్లకూ దీనిని వర్తింపజేయాలనీ నిర్దేశించాయి. ఆ వేళలను నిర్ణయించేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి.

అంతకంటే చవకైనది సొంత మిద్దె మీది ఎండ. మూడు కిలోవాట్ల సౌర ఫలకాలు ఇక్కడ రోజుకు సుమారు 12 యూనిట్లు ఇవ్వగలవు, 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద వాటికి రూ.78,000 రాయితీ వస్తుంది; మిగిలిన యూనిట్లను లైన్‌లోకి పంపి తరువాత బిల్లులో తగ్గించుకునే ఏర్పాటును నెట్ మీటరింగ్ అంటారు. అయితే దుమ్ము పేరుకుంటే ఉత్పత్తి పడిపోతుంది గనుక ఫలకాలను తరచూ తుడవాలి.

ఇంకొక మాట ఇక్కడి నేలను చూసి చెప్పవలసినది. వేసవిలో భూమి ఎండిపోయినప్పుడు ఎర్తింగు బలహీనపడుతుంది, గంటల తరబడి భారీ కరెంటు లాగే చార్జరుకు అది ప్రమాదం. ఎర్తు గుంతలో నీళ్లు పోసి తేమ నిలపడం, పాత వైరింగును ఎలక్ట్రీషియన్‌తో పరీక్షింపజేయడం తప్పనిసరి. కారు కొనదలచినవారు ముందుగా ఏడాది కరెంటు బిల్లులు తీసుకుని విద్యుత్ సంస్థ స్థానిక కార్యాలయానికి వెళ్లి, తమ వాడకానికి ఏ కేటగిరీ, ఏ మీటరు తగునో అడిగి తెలుసుకోవాలి.